మాసయ్య మీద తొమ్మిది చెట్లు

జములమ్మకు దేవుడితో మాట్లాడే పద్ధతి తెలియదని సంఘంలో అందరూ అనుకునేవారు. మిగతా ఆడవాళ్ళు కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి ప్రార్థన మొదలుపెడతారు. ఈమె కళ్ళు తెరిచే ఉంచుతుంది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, "ఏం ప్రభువా, ఇంటున్నవా లేదా?" అని మొదలుపెడుతుంది. వడ్డేపల్లి దగ్గరి ఆ ఊళ్ళో ప్రార్థనమందిరం అంటే రేకుల షెడ్డే. ఆమె ఆదివారం ప్రభువుతో పెట్టుకునే పంచాయితీ రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డవాళ్ళకు కూడా అక్షరం పొల్లుపోకుండా వినపడేది.

పేరు సంగతీ అంతే. ఆమె తల్లి ముగ్గురు పిల్లల్ని పురిట్లోనే పోగొట్టుకుని, గద్వాల జములమ్మకు మొక్కుకుంటే నాలుగో కాన్పుకు బతికిన పిల్ల ఈమె. అమ్మవారి పేరే పెట్టుకున్నారు. పెళ్ళై ఈ ఊరొచ్చి, కొన్నేళ్ళకు బాప్తిస్మం తీసుకునే రోజున పాస్టరు దేవదానం ఆమెను నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి, "ఇగ నుంచి నీ పేరు మార్తమ్మ" అన్నాడు.

"ఎందుకు?" అంది జములమ్మ.

"పాతది ఇడిశిపెట్టాలె గదమ్మా."

"నా పేరు మా అమ్మ పెట్టింది. గా పేరుతోనే ఏడ్చిన, గా పేరుతోనే మొక్కిన. ప్రభువుకు నా పేరు తెల్వకుంటే నన్ను పిలవనే వద్దు."

నీళ్ళలో నిలబడి వాదన పెట్టుకుంటే జలుబు తప్ప ఇంకేం రాదని పాస్టరుకు అర్థమైంది. జములమ్మ అనే పేరుతోనే గబుక్కున ముంచి లేపాడు. దేవదానం చెడ్డవాడు కాదు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి, అంతే. నలభై ఇళ్ళ సంఘాన్ని నెట్టుకొచ్చేవాడికి గొడుగు లేకపోతే ఎలా?

నిజానికి ఆమె ప్రసంగాలు విని నమ్మిన మనిషి కాదు. అత్తగారిది రెండు తరాల క్రైస్తవ కుటుంబమే అయినా, మొదట్లో ఆదివారం వస్తే కట్టెలకు పోయేది. రెండు నెలల కొడుకు జ్వరమొచ్చి చనిపోయాక, చాప మీదినుంచి లేవకుండా పడుకున్న రోజుల్లో మందిరం ఆడవాళ్ళు వచ్చారు. ఎవరూ నీతులు చెప్పలేదు. తొమ్మిది రోజులు వంతులు వేసుకుని జొన్నగటక కాచి తెచ్చి, పిడస చేసి నోట్లో పెట్టారు. పదో రోజు ఆమె లేచి తనే పొయ్యి ముట్టించింది. "నాకు ప్రభువు గటక లెక్క వచ్చిండు. ఆకలైనోనికి అంతకంటె ఏం గావాలె?" అని తర్వాత చెప్పుకునేది.

ఆ గటక బలం మీదే ఆమె చాలా దూరం నడిచింది. భర్త మాసయ్యకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు బస్సెక్కించుకుని గద్వాల దవాఖానకు తీసుకుపోయేది. అతను గొంతు పెగలక పడుకుంటే అతని వంతు పాట కూడా తనే పాడేది. అలా మూడేళ్ళు. ఒక జనవరిలో మాసయ్య పోయాడు. పరామర్శకొచ్చిన ఒకామె ఊరుకోక, "గన్ని ప్రార్థనలు చేస్తివి, ఏం ఫాయిదా అయింది జములమ్మా?" అంది.

"ఆయన పోయిండు. నేను పోలే. నన్నెవరు నిలవెట్టిండ్రనుకుంటున్నవ్?" అంది జములమ్మ. వచ్చినామె చెప్పులు వెతుక్కుంది.

మాసయ్యను వాగొడ్డున, తాతల నాటి నుంచి వాళ్ళ వాడ శవాలు పూడ్చే జాగాలోనే పెట్టారు. అప్పుడే ఆమె ఒక తప్పు చేసింది. మరిది పెంటయ్య సిమెంటుతో సమాధి కట్టిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఆఖరి దినాన ప్రభువు పిలిస్తె మీ అన్న సిమెంటు పలగ్గొట్టుకుంట కూసోవాల్నా? ఆయనకు మొదలే నడుం నొప్పి" అంది.

ఏడుపు మధ్యలో కూడా అందరూ నవ్వారు. అక్కడున్న నల్లగుండు అనే బండరాయి నుంచి వాగువైపు జములమ్మ అడుగులతో పదకొండు అడుగుల దూరంలో మట్టి దిబ్బ, దాని మీద వేపకర్ర సిలువ. అంతే. పునరుత్థాన పండుగ, అంటే ఈస్టరు నాడు తెల్లవారకముందే వాడంతా అక్కడికి పోయి, తమ తమ దిబ్బలకు సున్నం జల్లి, బంతిపూలు పెట్టి, పాటలు పాడి వస్తారు. రెండు పండుగలకు జములమ్మ మాసయ్య దిబ్బకు సున్నం జల్లింది. మట్టి దిబ్బ ఒక్క వానాకాలంలో ఎంత కరుగుతుందో మాత్రం ఆలోచించలేదు.

రెండో పండుగ అయ్యాక కూతురు ఉమ కాన్పుకని జములమ్మ వీపనగండ్ల వెళ్ళి, రెండు నెలలు అక్కడే ఉండిపోయింది. మనవరాలికి నీళ్ళు పోసి, సాంబ్రాణి పట్టి, జూన్‌లో తిరిగొచ్చి వాగొడ్డుకు పోయి చూస్తే దిబ్బ లేదు. ఎర్రగా దున్నిన నేల, తిన్నగా సాళ్ళు, అప్పుడే మొలిచిన పత్తి. వేపకర్ర సిలువను ఎవరో పీకి గట్టు మీద పడేశారు. గట్టు చివర ఒక కర్రకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి.

పక్క చేను కురుమూర్తిది. పది ఎకరాల్లో సీడు పత్తి, అంటే కంపెనీకి విత్తనాలిచ్చే పత్తి, వేసే రైతు. ఏడాదికొక సాలు చొప్పున చేనును వాగువైపు జరపడం అతనికి తండ్రి నేర్పిన విద్యే. ఆ ఏడు ట్రాక్టరు పెట్టి ఒక్కసారే నాలుగు సాళ్ళు జరిపాడు. సిమెంటు సమాధులను తప్పించాడు. మట్టి దిబ్బల మీదినుంచి పోయాడు.

జములమ్మ నేరుగా అతని ఇంటికే పోయింది.

"కురుమూర్తన్నా, మా ఆయన మీద దున్నినవ్."

"ఏడుంది సమాధి? రాయి ఉన్నదా, కట్ట ఉన్నదా? చేనన్నంక సాఫ్ చేసుకోమా?"

"సమాధి లేకుంటె నిమ్మకాయ ఎవరికి కట్టినవ్?"

దున్నిన మర్నాడు భయమేసి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కట్టింది కురుమూర్తే మరి. అయినా నిమ్మకాయ పట్టుబడినంత మాత్రాన చేను వెనక్కి జరగదు కదా. "పో, ఏడ చెప్పుకుంటవో చెప్పుకో" అన్నాడు.

ఆమె చెప్పుకుంది. తహసీలు ఆఫీసులో కాగితాలు తిరగేసి, అది వాగు పోరంబోకు, శ్మశానమని ఎక్కడా రాసిలేదన్నారు. దరఖాస్తు పెట్టమన్నారు. పెట్టింది. సర్వే చేసేవాళ్ళు వస్తారన్నారు. రాలేదు. పాస్టరు, "ప్రభువుకు అప్పగిద్దాం జములమ్మా" అన్నాడు. ఆ ఆదివారం షెడ్డులో నిలబడి నిజంగానే అప్పగించింది. సిమెంటు వద్దన్నది తనేనని గట్టిగా ఒప్పుకుంది. నీ మీద నమ్మకంతోనే కదా వద్దన్నాను, నన్నింత నవ్వులపాలు చేస్తావా అని ప్రభువును కడిగేసింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నా నడుం మీది చెయ్యి మాత్రం తియ్యలేదు. రెండు వారాల తర్వాత పాస్టరు, "అప్పగించినవా?" అని అడిగితే, "అప్పగించిన. ఆయన మల్ల నాకే అప్పగించిండు" అంది.

ఆగస్టు వచ్చింది. సీడు పత్తికి క్రాసింగు రోజులు. ఈ పని చూడనివాళ్ళకు చెప్పాలి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికి పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులూ పుప్పొడీ ఒలిచేసి, ఆనవాలుకు ఎర్ర కాగితం ముక్క గుచ్చుతారు. మర్నాడు పొద్దున మగ చెట్ల పువ్వులు తెంపుకొచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గకూ పుప్పొడి రుద్దుతారు. మధ్యాహ్నం దాటితే మొగ్గ ఎండిపోతుంది, రెండ్రోజుల్లో రాలిపోతుంది. రెండు నెలలు రోజూ ఇదే. ఆదివారమని పువ్వుకు తెలియదు కాబట్టి, ఆ రోజుల్లో సంఘం వాళ్ళు ఆరింటికే ఆరాధన చేసుకుని తొమ్మిదికల్లా చేన్లో ఉంటారు.

జములమ్మ పద్దెనిమిదిమంది ఆడవాళ్ళ గుంపుకు మేస్త్రి. ఏటా కురుమూర్తి చేనుకే పోతారు. ఈసారి పోదని అందరూ అనుకున్నారు. పోయింది. ఊరు ముక్కున వేలేసుకుంది. "సిగ్గు లేదా జములమ్మా?" అని పక్కింటి అలివేలమ్మ మొహం మీదే అడిగింది. అలివేలమ్మ సంఘం మనిషి కాదు, ఏటా గద్వాల జములమ్మ జాతరకు కోడిని కోసే మనిషి. గుంపులో మాత్రం మొదటినుంచీ ఈమెకు కుడిచెయ్యి.

"వాని చేన్లకు పోకుంటె, మా ఆయన కాడికి పోయే తోవ ఏడుంది?" అంది జములమ్మ.

ఆ తర్వాత అలివేలమ్మ మళ్ళీ అడగలేదు. నల్లగుండు నుంచి పదకొండు అడుగులు లెక్కపెట్టుకుంటే, మాసయ్య మీద సరిగ్గా తొమ్మిది చెట్లు వచ్చాయి. ఆ తొమ్మిది చెట్ల దగ్గరికి జములమ్మ ఎవర్నీ రానిచ్చేది కాదు. సాయంత్రం తనే ఒలిచేది, పొద్దున తనే పుప్పొడి రుద్దేది. పెదాలు కదుపుతూ అతనితో ఏదో మాట్లాడేది. మనవరాలు బోర్లా పడుతోందనీ, ఉమ అత్త మంచిదేననీ, ఇలాంటివే. మొగుడి ఒంటి మీద పరాయి పంటకు చాకిరీ చేస్తున్నానన్న మంట కడుపులో ఉండనే ఉంది. దాన్ని రోజూ ప్రభువు ముందు పెట్టేది, రోజూ తిరిగి తెచ్చుకునేది.

సెప్టెంబరులో ఒక శనివారం సాయంత్రం, మొగ్గలన్నీ ఒలవడం అయిపోయి ఆడవాళ్ళు చేతులు దులుపుకుంటుంటే కురుమూర్తి చేను చూడ్డానికొచ్చాడు. సాళ్ళ వెంట నడుస్తూ నడుస్తూ వాగువైపు చివర, ఆ తొమ్మిది చెట్ల దగ్గర ఆగిపోయాడు. ఒక కొమ్మ పైకెత్తి కాయలు చూసి మురిసిపోయాడు.

"ఏ జములమ్మా, గీ చెట్లు చూడు, ఎట్ల కాసినయో! చేనంతా గిట్లనే ఉంటె నాకు ఇంకేం గావాలె?"

మర్చిపోయి అన్నాడో, అసలు ఎన్నడూ పట్టించుకోలేదో అతనికే తెలియాలి. అతను అదే ఊపులో, "రేపు ఐతారమని లేటు చెయ్యొద్దు. అందరు టైముకు రావాలె. పువ్వు ఆగదు" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. పువ్వు ఆగదట. మూడు నెలలుగా ప్రభువును అడుగుతున్నదానికి జవాబు ఇతని నోటి నుంచి వస్తుందని ఆమె అనుకోలేదు.

"రేపు మేము రాము" అంది.

"ఏందీ?"

"రాము. రేపు ఆరాధన మందిరంల గాదు, గీ వాగొడ్డున చేసుకుంటం. నువ్వు జరిపిన నాలుగు సాళ్ళు ఎనక్కి జరిపేదాంక ఈణ్నే ఉంటం. ముందే చెప్తున్న, మల్ల చెప్పలేదనకు."

కురుమూర్తి నవ్వాడు. సీజన్లో కూలి వదులుకుని పాటలు పాడే ఆడది ఉంటుందా అని అతని ధీమా. అతను వెళ్ళాక అలివేలమ్మ తల కొట్టుకుంది.

"ఎందుకు చెప్పినవే? చెప్పకుంట ఇంట్ల కూసుంటె సరిపోతుండె గద!"

"ఆయన చెప్పకుంట దున్నిండు. నేను చెప్పకుంట మానితే ఆయనకు నాకు ఏం ఫరకు?"

ఆదివారం ఆరింటికి పాస్టరు దేవదానం మందిరానికొచ్చి చూస్తే చాపలు లేవు, కంజీర లేదు, మనుషులు లేరు. బండి తిప్పుకుని వాగొడ్డుకు వచ్చేసరికి గుంపంతా సిమెంటు సమాధుల మధ్య చాపలు పరుచుకుని కూర్చుంది. పద్దెనిమిదిమందిలో పన్నెండుమందే సంఘం వాళ్ళు. అలివేలమ్మతో కలిపి మిగతా ఆరుగురూ వచ్చి కూర్చున్నారు. పాస్టరు బండి దిగకుండానే అన్నాడు.

"పెద్ద లొల్లి అయితది జములమ్మా. ఊరితోని పెట్టుకుంటె రేపు మందిరం ఉంటదా?"

"పోయినోళ్ళను కాపాడలేని మందిరం, ఉన్నోళ్ళను కాపాడుతదా పాస్టరయ్యా? బండి దిగు. దిగవా, పో. పాట మాకొచ్చు."

దేవదానం చాలాసేపు బండి మీదే ఉన్నాడు. అతని తల్లి కూడా ఆ వాగొడ్డునే ఉంది, కాకపోతే సిమెంటు కింద ఉంది. చివరికి స్టాండు వేసి, చెప్పులు విడిచి వచ్చి నిలబడ్డాడు. మొదటి పాటకు ఊరికే నిలబడ్డా, రెండో పాటకల్లా గొంతు కలిపాడు. అలివేలమ్మకు పాటలు రావు. అయినా తాళం తప్పుతూనే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఎనిమిదికి కురుమూర్తి వచ్చి అరిచాడు. తొమ్మిదికి బెదిరించాడు. "మల్ల మిమ్ముల ఎవరు పనికి పిలుస్తరో చూస్త" అన్నాడు. జములమ్మ పాట ఆపలేదు. ఈ గుంపు నుంచి లాగుదామని అలివేలమ్మ దగ్గరికి పోయి, "నడుమ నీకెందుకు ఈ లొల్లి? నీకూ వీళ్ళ దేవునికీ ఏం సంబంధం?" అన్నాడు.

"దేవుని ముచ్చట నాకు తెల్వదు. సచ్చినోళ్ళను దున్నినోని చేన్ల నేను చెయ్యి పెట్ట" అంది అలివేలమ్మ, చప్పట్లు ఆపకుండానే.

తొమ్మిదిన్నరకు మగ చెట్ల మీద పువ్వులు విచ్చుకున్నాయి. పది ఎకరాల్లో వేలకొద్దీ ఎర్ర కాగితాలు ఎదురుచూస్తున్నాయి. కురుమూర్తి ఫోను చెవికి ఆనించుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. గద్వాల నుంచి మాచర్ల దాకా ఎవర్ని అడిగినా క్రాసింగు రోజుల్లో ఖాళీ గుంపు ఎక్కడుంటుంది? పదిన్నరకు ఫోను జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నుంచి కేకలు వేసి వేసి గొంతు బొంగురుపోయింది. వచ్చి చాప అంచున నిలబడ్డాడు.

"ఏం గావాలె మీకు?"

"నాలుగు సాళ్ళు" అంది జములమ్మ.

"సరే."

"గట్టిగ చెప్పు. అందరికి ఇనబడాలె. రాళ్ళు పాతుతనని చెప్పు."

చెప్పాడు. ఆడవాళ్ళందరి ముందు, పాస్టరు ముందు, నాలుగు సాళ్ళు వదులుతాననీ సాయంత్రానికల్లా హద్దురాళ్ళు పాతిస్తాననీ అతని నోటితోనే చెప్పాడు. వెంటనే జములమ్మ గుంపు వైపు తిరిగి, "లేవుండ్రి, ఉరకండ్రి. ఇంక గంటన్నర ఉంది. పువ్వేం పాపం చేసింది?" అంది. ఆడవాళ్ళు కొంగులు బిగించుకుని చేన్లోకి పరుగెత్తారు. మగ పువ్వులు తెంపే చేతుల చప్పుడు గట్టు దాకా వినపడింది.

ఆమె మాత్రం నల్లగుండు దగ్గరికి పోయి, వీపు దానికి ఆనించి, వాగువైపు తిరిగి అడుగులు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మోకాలి నొప్పితో ఆమె అడుగు ఇప్పుడు పొట్టిదైపోయింది. అందుకే సాగదీసి వేసింది. పదకొండో అడుగు ఆ చెట్ల మధ్యలో పడింది. ఆగింది. కురుమూర్తి వెనకే వచ్చాడు.

"ఈణ్నేనని నిక్కమేనా? పక్కకు గూడ ఉండొచ్చు గద?"

"నీకు నీ చేను హద్దు ఎర్క లేదు గని, నాకు నా మొగడు ఏడ పండిండో ఎర్క లేదా?"

వంగి మొదటి చెట్టు మొదలు పట్టుకుంది. ఆ చెట్టు నిండా కాయలు. కురుమూర్తి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"జర ఆగు జములమ్మా. జాగ నీదే, అన్నగద. కాయ పండనీ. రెండు నెల్లు. రెండు నెల్లల్ల నేనే పీకి ఇస్త."

"ఇంక రెండు నెల్లు మా ఆయన నీ చెట్లకు ఎరువు గావాల్నా?"

అతను చేతులు తీసేశాడు. జములమ్మ రెండు చేతులా బలంగా గుంజింది. వేర్లతో, ఎర్రమట్టితో చెట్టు లేచి వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి అతని సాలు మీద పడుకోబెట్టి మళ్ళీ వచ్చింది. రెండోది. మూడోది. ప్రతి చెట్టు మీదా తను నిన్న గుచ్చిన ఎర్ర కాగితాలే. అరచేతులు ఎర్రబడి తోలు లేచింది. ఆమె ఏడుస్తూనే ఉంది, గుంజుతూనే ఉంది. ఐదోది రానంటే పాస్టరు సాయం పట్టబోయాడు. "నువ్వు తొలుగు. ఇది నా పని" అంది.

ఏడో చెట్టు పీకేసరికి కురుమూర్తి గట్టు మీద తల పట్టుకుని కూలబడ్డాడు. అతన్ని చూసి దేవదానానికి జాలేసింది. జములమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"జాగ ఇచ్చిండు గదమ్మా. ఇగ క్షమించు. ప్రభువు గదే చెప్పిండు."

"క్షమిస్త పాస్టరయ్యా. క్షమించకుంటె నేను నిద్రపోతనా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంక రెండు చెట్లున్నయి, ఆగు."

అని, వంగి ఎనిమిదో చెట్టు మొదలు పట్టుకుంది.